నానోకణాలతో రేడియేషన్ డోసు పెంపు, ఆ పెంపును కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కణితిలో బంగారంలాంటి లోహపు నానోకణాలు చేర్చి రేడియేషన్ ప్రభావాన్ని పెంచే పద్ధతి గురించిన ఈ పేజీ ముఖ్యంగా మెడికల్ ఫిజిక్స్ విద్యార్థుల కోసం, డోసును కొలిచే జెల్ మీదో ఫిల్మ్ మీదో ప్రయోగం మొదలుపెట్టబోయేవారి కోసం. రోగులు, వారి ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు చివర్లో ఉన్నాయి. వాళ్లు లెక్కలన్నీ దాటేసి నేరుగా అక్కడికి వెళ్లొచ్చు.

నానోకణం డోసును ఎలా పెంచుతుంది?

ఎక్స్‌రే ఫోటాన్ జీవకణాన్ని నేరుగా దెబ్బతీసేది తక్కువ. అది ఒక పరమాణువును తాకినప్పుడు బయటికి దూకే ఎలక్ట్రాన్లే డీఎన్‌ఏను తెంచుతాయి, చుట్టూ ఉన్న నీటిని విడగొట్టి రాడికల్స్ పుట్టిస్తాయి. మన కండ, కొవ్వు, రక్తం అన్నీ ఎక్కువగా హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్‌లతో తయారైనవే. ఇవన్నీ చిన్న పరమాణు సంఖ్య ఉన్న మూలకాలు. బంగారం పరమాణు సంఖ్య 79. తక్కువ శక్తి ఫోటాన్లను లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ మొత్తంగా మింగేసే ఫోటోఎలక్ట్రిక్ శోషణ, పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ దాని మూడో, నాలుగో ఘాతం స్థాయిలో పెరుగుతుంది. ఫోటాన్ శక్తి పెరిగితే దాదాపు మూడో ఘాతంలో పడిపోతుంది. అందుకే 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఒక గ్రాము బంగారం, ఒక గ్రాము నీటికంటే సుమారు 145 రెట్లు ఎక్కువ శక్తిని పీల్చుకుంటుంది. అదే ఒకటి, రెండు మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరికి వచ్చేసరికి రెండూ దాదాపు సమానం. ఈ పేజీలో చెప్పేదంతా ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది.

పీల్చుకున్న శక్తి ఫోటోఎలక్ట్రాన్ల రూపంలోనూ, లోపలి కక్ష్యలో పడిన ఖాళీ నిండేటప్పుడు వెలువడే తక్కువ శక్తి ఆజే (Auger) ఎలక్ట్రాన్ల రూపంలోనూ బయటికొస్తుంది. 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ నీటిలో దాదాపు 40 మైక్రాన్లు పోతుంది, అంటే రెండు మూడు జీవకణాల దూరం. ఆజే ఎలక్ట్రాన్లలో చాలావరకు ఒక మైక్రాన్ కూడా దాటవు. అందువల్ల నానోకణం పక్కనే, కొన్ని నానోమీటర్ల దూరంలో, డోసు విపరీతంగా పెరుగుతుంది. ఒక్క మైక్రాన్ అవతల అది దాదాపు మామూలుగానే ఉంటుంది.

లోహం పక్కన డోసు పెరగడం రేడియేషన్ విభాగాల్లో పనిచేసేవాళ్లకు కొత్తేమీ కాదు. నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టేటప్పుడు పంటికి లోహపు క్యాప్ ఉంటే, దానికి ఆనుకున్న బుగ్గ లోపలి పొర మిగతా చోట్లకంటే ముందే పుండుపడుతుంది. లోహం నుంచి వెనక్కి చిమ్మే ఎలక్ట్రాన్లే దానికి కారణం. పన్నుకూ బుగ్గకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల మందాన మైనమో ఆక్రిలిక్ ముక్కో పెడితే ఆ పుండు తప్పుతుంది. నానోకణాలతో ఇదే పనిని కణితి లోపల, కావాలని చేయిస్తున్నాం.

బంగారం ఒక్కటేనా? ఇంకే పదార్థాలు వాడతారు?

హాఫ్నియం (72), గాడొలినియం (64), బిస్మత్ (83) కూడా వాడతారు. కె-అంచు, అంటే లోపలి కక్ష్య ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి కావలసిన కనీస శక్తి, గాడొలినియానికి 50.2, హాఫ్నియానికి 65.4, బంగారానికి 80.7, బిస్మత్‌కు 90.5 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు. భౌతికంగా వీటి మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. ఎంపికను తేల్చేది ఎక్కువగా ఇతర సౌకర్యాలే. బంగారం ఉపరితలానికి గంధకం ఉన్న అణువులు సులువుగా అంటుకుంటాయి కాబట్టి దాని మీద ఏ పూతైనా వేయొచ్చు. గాడొలినియం ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది. హాఫ్నియం ఆక్సైడ్ రసాయనికంగా మందకొడి పదార్థం.

డీఈఎఫ్, ఎస్‌ఈఆర్ ఒకటేనా?

కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తోంది. డీఈఎఫ్ (డోస్ ఎన్‌హాన్స్‌మెంట్ ఫ్యాక్టర్) భౌతిక నిష్పత్తి: నానోకణాలు ఉన్నప్పుడు శోషించిన డోసును, లేనప్పటి డోసుతో భాగించగా వచ్చేది. ఎస్‌ఈఆర్ (సెన్సిటైజర్ ఎన్‌హాన్స్‌మెంట్ రేషియో) జీవ నిష్పత్తి: ఉదాహరణకు, 10 శాతం జీవకణాలు మిగలడానికి నానోకణాలు లేకుండా కావలసిన డోసును, అవి ఉన్నప్పుడు కావలసిన డోసుతో భాగించగా వచ్చేది. దీన్ని కాలనీ పరీక్షతో కొలుస్తారు. రేడియేషన్ ఇచ్చాక 10 నుంచి 14 రోజులు పెంచి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, 50 జీవకణాలకు తగ్గని కాలనీలను మాత్రమే లెక్కపెడతారు. జెల్, ఫిల్మ్ డీఈఎఫ్ గురించే చెప్పగలవు. కాలనీ పరీక్ష ఎస్‌ఈఆర్ గురించే చెబుతుంది. థీసిస్‌లో ఎక్కడ ఏది రాస్తున్నారో ప్రతిసారీ పేరు పెట్టి రాయండి.

ఎంత పెంపు వస్తుందో ముందే అంచనా వేయొచ్చా?

వేయొచ్చు. కణాలు కొనకముందే వేయాలి కూడా. సూత్రం ఒక్క వరుసలో చెప్పేంత చిన్నది: లోహం బరువు భిన్నాన్ని, లోహానికీ నీటికీ మధ్య శక్తి శోషణ నిష్పత్తి నుంచి ఒకటి తీసేయగా వచ్చిన దానితో గుణించి, ఒకటి కలపండి.

కణితిలో గ్రాముకు 7 మిల్లీగ్రాముల బంగారం ఉందనుకుందాం. బరువు భిన్నం 0.007. 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర 0.007 ను 144 తో గుణిస్తే దాదాపు 1. ఒకటి కలిపితే డీఈఎఫ్ 2. చో అనే పరిశోధకుడు 2005లో ప్రచురించిన మాంటెకార్లో (కంప్యూటర్‌లో ఒక్కో ఫోటాన్ దారిని అనుకరించే) లెక్కలు కూడా ఇదే చెప్పాయి: గ్రాముకు 7 మిల్లీగ్రాముల బంగారం ఉంటే, 140 కేవీపీ (ట్యూబ్ గరిష్ఠ వోల్టేజీ 140 కిలోవోల్టులు) ఎక్స్‌రేలతో డోసు కనీసం రెట్టింపవుతుంది. అదే అధ్యయనంలో 4, 6 ఎంవీ (మెగావోల్టు) కిరణాలకు పెంపు 1 నుంచి 7 శాతం మాత్రమే. కణితి లోపలో పక్కనో రేడియోధార్మిక పదార్థం పెట్టే బ్రాకీథెరపీలో వాడే ఇరిడియం-192కు దూరాన్ని, గాఢతను బట్టి 5 నుంచి 31 శాతం.

ఇప్పుడు ప్రయోగశాలలో మామూలుగా వాడే గాఢతకు రండి. జెల్‌లో గ్రాముకు 0.1 మిల్లీగ్రాము బంగారం ఉంటే, అదే 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర పెంపు 1.4 శాతం. మీ జెల్ ఒక్కో కొలతలో 2 శాతం అటూ ఇటూ ఊగితే, రెండు కొలతల నిష్పత్తిలో అనిశ్చితి దాదాపు 2.8 శాతం. అంటే ఉన్న పెంపు మీ కొలతకు కనబడదు. మీకు 20 శాతం కనబడితే అది డోసు కాదు, మరేదో. 6 ఎంవీ కిరణంతో, ఇంత తక్కువ గాఢతతో, పెద్ద డీఈఎఫ్ వచ్చిందనే వ్యాసాలు చాలానే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఈ చిన్న గుణకారం పక్కన పెట్టుకుని చదవండి.

మరి 6 ఎంవీతో కూడా క్యాన్సర్ జీవకణాలు ఎక్కువగా చనిపోతున్నాయని ఎలా చూపించారు?

అది నిజంగానే జరుగుతుంది, అందుకే ఈ రంగం ఇంకా బతికి ఉంది. 2011లో జైన్ బృందం 1.9 నానోమీటర్ల బంగారు కణాలతో రొమ్ము క్యాన్సర్ కణాల మీద చేసిన ప్రయోగంలో ఎస్‌ఈఆర్ 160 కేవీపీకి 1.41, 6 ఎంవీకి 1.29, 15 ఎంవీకి 1.16 వచ్చింది. వాళ్లు వాడిన గాఢతకు, ఆ శక్తులకు, భౌతిక లెక్క ప్రకారం రావలసిన పెంపు ఇందులో కొద్ది భాగమే.

దీనికి రెండు వివరణలున్నాయి. మొదటిది, సగటు డోసు పెరగకపోయినా నానోకణం చుట్టూ నానోమీటర్ల పరిధిలో ఆజే ఎలక్ట్రాన్లు చాలా దట్టంగా శక్తిని దింపుతాయి. సగటు తీస్తే ఆ చుక్క కరిగిపోతుంది గానీ డీఎన్‌ఏకు సగటుతో పని లేదు. రెండోది రసాయన, జీవ ప్రభావం: బంగారు ఉపరితలం ఆక్సిజన్ రాడికల్స్‌ను పెంచుతుంది, మైటోకాండ్రియాను, డీఎన్‌ఏ మరమ్మతును ఇబ్బంది పెడుతుంది. ఏది ఎంత అన్నది జీవకణ రకాన్ని, పూతను బట్టి మారుతుంది. ఇంకో విషయం: 6 ఎంవీ కిరణం అంటే ఫోటాన్లన్నీ 6 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులని కాదు. సగటు దాదాపు మూడో వంతే. లోతుకు వెళ్లేకొద్దీ, ఫీల్డు పెద్దదయ్యేకొద్దీ చెదిరిన మెత్తని (తక్కువ శక్తి) ఫోటాన్లు కలుస్తాయి. కిరణాన్ని సమంగా పరిచే ఫ్లాటెనింగ్ ఫిల్టర్ తీసేసిన కిరణం ఇంకాస్త మెత్తగా ఉంటుంది. కాబట్టి లోతు, ఫీల్డు సైజు, ఫిల్టర్ ఉందా లేదా అన్నవి రాయకుండా వదిలిన ఫలితాన్ని మరొకరు పోల్చి చూడలేరు.

అయాన్ ఛాంబర్‌తో నేరుగా కొలవొచ్చు కదా?

పెంపును కొలవలేరు. మామూలుగా వాడే అయాన్ ఛాంబర్ అయిన ఫార్మర్ ఛాంబర్ లోపల 0.6 ఘన సెంటీమీటర్ల గాలి ఉంటుంది, చుట్టూ అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా గోడ ఉంటుంది. నానోకణం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఆ గోడలోనే ఆగిపోతాయి. అయితే ఛాంబర్ లేకుండా పని జరగదు. జెల్‌కూ ఫిల్మ్‌కూ ఎంత డోసు ఇచ్చారో తేల్చేది అదే. లీనాక్‌కు (ఎంవీ కిరణాలిచ్చే చికిత్సా యంత్రం) టీఆర్‌ఎస్-398, 40 నుంచి 300 కేవీ ఎక్స్‌రేలకు టీజీ-61 అనే డోసు కొలత నియమావళి పాటించండి. కేవీ యంత్రంలో ట్యూబ్ వోల్టేజీ, ఫిల్టర్, హాఫ్ వాల్యూ లేయర్ (కిరణాన్ని సగానికి తగ్గించే లోహపు మందం) మూడూ నమోదు చేయాలి. వోల్టేజీ ఒక్కటే రాస్తే స్పెక్ట్రమ్ తెలియదు, స్పెక్ట్రమ్ తెలియకపోతే పై లెక్క వేయలేరు.

రేడియోక్రోమిక్ ఫిల్మ్ ఎంతవరకు పనికొస్తుంది?

రేడియేషన్ తగిలితే రంగు మారే ఈబీటీ3 ఫిల్మ్‌లో 28 మైక్రాన్ల క్రియాశీల పొరకు రెండు వైపులా 125 మైక్రాన్ల పాలిస్టర్ ఉంటుంది. నానోకణాల ద్రావణాన్ని ఫిల్మ్ మీద పెడితే, 40 మైక్రాన్లు పోయే ఎలక్ట్రాన్ 125 మైక్రాన్ల గోడ దాటి ఎలా వస్తుంది? రాదు. కాబట్టి ఈ అమరికలో ‘పెంపు లేదు’ అని వస్తే ఆశ్చర్యం లేదు, ‘పెంపు ఉంది’ అని వస్తేనే అనుమానించాలి. పైపొర లేని ఫిల్మ్‌లు దొరుకుతాయి గానీ వాటికి పదుల గ్రేలు (గ్రే అంటే శోషించిన డోసుకు ప్రమాణం) ఇస్తేగాని సరిగా రంగు మారదు, తడి తగిలితే పాడవుతాయి.

ఫిల్మ్ నిజంగా ఉపయోగపడేది కణితి నమూనా వెనక భాగంలో డోసు ఎంత తగ్గిందో చూడటానికి. దీన్ని చాలామంది మరిచిపోతారు. గ్రాముకు 7 మిల్లీగ్రాముల బంగారం ఉన్న 2 సెంటీమీటర్ల పొర, 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణాన్ని నీటికంటే అదనంగా సుమారు 10 శాతం తగ్గిస్తుంది. ముందు భాగంలో పెంచిన డోసుకు వెనక భాగంలో నీడ పడుతుందన్నమాట.

స్కానింగ్‌లో జాగ్రత్తలు మామూలువే: ముక్కలన్నీ ఒకే లాట్‌వి, ఒకే దిశలో, స్కానర్ మధ్యలో పెట్టాలి. 24 గంటలు ఆగి, ఎరుపు ఛానెల్‌లో చదవాలి. కాలిబ్రేషన్ వేరే శక్తితో చేసి వాడకండి.

జెల్ డోసిమీటర్ ఎందుకు మంచిదంటారు? ఎలా తయారుచేయాలి?

కణాలను డోసిమీటర్ లోపలే కలపగలిగేది జెల్‌లోనే. అడ్డుగోడ ఉండదు, 40 మైక్రాన్లే కాదు, 40 నానోమీటర్లు పోయిన ఎలక్ట్రాన్ కూడా జెల్‌లోనే ఆగుతుంది. రెండు రకాలు వాడుకలో ఉన్నాయి: ఇనుము ఆక్సీకరణ మీద ఆధారపడే ఫ్రిక్ జెల్, మోనోమర్ గట్టిపడే పాలిమర్ జెల్.

2001లో వచ్చిన మ్యాజిక్ అనే పాలిమర్ జెల్‌కు గ్లవ్ బాక్స్ అక్కర్లేదు, మామూలు గాలిలోనే కలపొచ్చు. ఒక కిలోకు కొలతలు: నీరు 828 గ్రాములు, జెలటిన్ 80 గ్రాములు, మెథాక్రిలిక్ ఆమ్లం 90 గ్రాములు, హైడ్రోక్వినోన్ 2 గ్రాములు, ఆస్కార్బిక్ ఆమ్లం 0.352 గ్రాము, కాపర్ సల్ఫేట్ 0.02 గ్రాము. జెలటిన్‌ను చల్లటి నీటిలో నాననిచ్చి, 50 డిగ్రీలకు వేడిచేసి, పూర్తిగా కరిగి తేటపడ్డాక హైడ్రోక్వినోన్ కలపాలి. 37 డిగ్రీలకు చల్లారాకే ఆస్కార్బిక్ ఆమ్లం, కాపర్ సల్ఫేట్ విడివిడిగా నీటిలో కరిగించి పోయాలి, తర్వాత మెథాక్రిలిక్ ఆమ్లం. వేడిగా ఉండగానే ఆమ్లం పోస్తే రేడియేషన్ ఇవ్వకముందే గట్టిపడటం మొదలవుతుంది. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, వాసన ఘాటు. ఫ్యూమ్ హుడ్ లేకుండా మూత తీయొద్దు.

నానోకణాలు కలిపేటప్పుడు అంత పరిమాణం నీటిని తగ్గించాలి. లేకపోతే జెలటిన్ శాతం పడిపోయి, సున్నితత్వం మారి, అదే పెంపులా కనిపిస్తుంది. ఇక్కడ ఒక ఆచరణాత్మక అడ్డంకి ఉంది. సిట్రేట్ పద్ధతిలో, మరుగుతున్న 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లంలో పదో వంతు పరిమాణం 38.8 మిల్లీమోలార్ ట్రైసోడియం సిట్రేట్ పోస్తే వచ్చే 13 నానోమీటర్ల ఎర్రటి ద్రావణంలో, మిల్లీలీటరుకు 0.18 మిల్లీగ్రాము బంగారమే ఉంటుంది. 100 గ్రాముల జెల్‌లో 10 మిల్లీగ్రాముల బంగారం కావాలంటే ఆ ద్రావణం 56 మిల్లీలీటర్లు పోయాలి. అంటే జెల్‌లో నీరు సగానికి పైగా అదే. కాబట్టి ముందు పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) పూత వేసి, సెంట్రిఫ్యూజ్‌లో చిక్కబరచక తప్పదు. చిక్కబరిచాక ఎంత మిగిలిందో ఊహించకండి, లోహాల పరిమాణం తేల్చే ఐసీపీ-ఎంఎస్ పరికరంతో కొలిపించండి.

కణాలు కలపగానే జెల్ ఎర్రగా కాకుండా ఊదాగా, నీలంగా మారింది. ఏం తప్పు జరిగింది?

కణాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. విడివిడిగా ఉన్న 13 నుంచి 20 నానోమీటర్ల బంగారు కణాలు 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుని కుంకుమ ఎరుపులో కనిపిస్తాయి. ముద్దకట్టగానే ఆ శిఖరం ఎరుపు వైపు జరిగి ద్రావణం నీలంగా మారుతుంది. సిట్రేట్ పూత రుణావేశంతో కణాలను దూరంగా ఉంచుతుంది. ఆమ్లం ఆ రుణావేశాన్ని చంపేస్తుంది, ఉప్పు దాన్ని కప్పేస్తుంది. ఫ్రిక్ జెల్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది, పాలిమర్ జెల్‌లో మెథాక్రిలిక్ ఆమ్లం ఉంటుంది. రెండు చోట్లా ఒట్టి సిట్రేట్ కణాలు ఆగవు.

ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన గోల్డ్ నంబర్ గుర్తుందా? 10 మిల్లీలీటర్ల బంగారు సోల్‌కు 1 మిల్లీలీటరు 10 శాతం ఉప్పునీరు కలిపినా ఎరుపు నీలంగా మారకుండా ఆపడానికి కావలసిన రక్షక కొల్లాయిడ్ మిల్లీగ్రాములు. జెలటిన్‌కు అది 0.005 నుంచి 0.01, అంటే జెలటిన్ చాలా గొప్ప రక్షకం. ఆ పాఠం ఇక్కడ నేరుగా పనికొస్తుంది: కణాలను ముందుగా కరిగిన జెలటిన్‌లో కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, ఆమ్లం ఆ తర్వాతే పోయండి. వరుస తిరగబడితే రంగు ఆగదు.

ఇంకో కారణం కంటికి వెంటనే కనబడదు. కడగడం సరిపోక ద్రావణంలో బంగారు లవణం మిగిలిపోతే, జెల్‌లోని ఆస్కార్బిక్ ఆమ్లం, హైడ్రోక్వినోన్ దాన్ని లోహంగా మార్చి ఉన్న కణాల మీదే పేరుస్తాయి. కణాలు పెద్దవవుతాయి. అంతకంటే పెద్ద నష్టం, ఆక్సిజన్‌ను పట్టుకోవలసిన ఆస్కార్బిక్ ఆమ్లం ఖర్చయిపోతుంది. ఆక్సిజన్ మిగిలితే పాలిమర్ గొలుసులు తెగి, తక్కువ డోసుల దగ్గర జెల్ అసలు స్పందించదు. ‘నానోకణాలు డోసును తగ్గించాయి’ అని కొందరికి వచ్చే వింత ఫలితానికి మూలం ఎక్కువసార్లు ఇదే.

ఎంఆర్‌ఐతో చదవాలా, ఆప్టికల్‌గా చదవాలా?

కణాన్ని బట్టి. బంగారం ఉంటే ఎంఆర్‌ఐ మేలు, ఎందుకంటే ఆ 520 నానోమీటర్ల రంగు ఆప్టికల్ కొలతలో కలిసిపోతుంది. జైలినాల్ ఆరెంజ్ కలిపిన ఫ్రిక్ జెల్‌ను 585 నానోమీటర్ల దగ్గర చదువుతారు, బంగారం శిఖరపు తోక అక్కడిదాకా వస్తుంది. గాడొలినియం ఉంటే కథ తిరగబడుతుంది: అది స్వయంగా ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్ కాబట్టి డోసును చదవడానికి వాడే ఎంఆర్‌ఐ సంకేత రేట్లు ఆర్‌1, ఆర్‌2 రెంటినీ డోసు లేకుండానే మార్చేస్తుంది. ఏ పద్ధతైనా రేడియేషన్ ఇవ్వని నానోకణాల జెల్‌ను కొలిచి ఆ విలువ తీసేయాలి.

పాలిమర్ జెల్‌ను మర్నాడు చదవండి, వయల్స్‌ను కొన్ని గంటల ముందే ఎంఆర్‌ఐ గదిలో పెట్టండి. ఒకటి ఫ్రిజ్‌లోంచి, ఒకటి బల్ల మీంచి తెచ్చి పక్కపక్కన పెడితే ఉష్ణోగ్రత తేడానే డోసు తేడాలా కనబడుతుంది. ఫ్రిక్ జెల్‌కు ఇంత తీరిక లేదు. ఫెర్రిక్ అయాన్లు పాకిపోతాయి కాబట్టి ఒకటి రెండు గంటల్లోనే చదివేయాలి.

ఫలితం నిజమైనదని ఒప్పించడానికి ఏ కంట్రోల్స్ ఉండాలి?

మామూలు జెల్, నానోకణాల జెల్ రెండింటినీ రేడియేషన్‌తోనూ, లేకుండానూ కొలవడం కనీసం. పూత ఒక్కటే కలిపిన జెల్ కూడా ఉండాలి, ఎందుకంటే పెగ్ కూడా రాడికల్స్‌తో చర్య జరుపుతుంది. అన్నీ ఒకే బ్యాచ్‌వి కావాలి. సోమవారం చేసిన జెల్‌ను బుధవారం చేసిన జెల్‌తో పోల్చడానికి లేదు.

వీటన్నిటికంటే బలమైన కంట్రోల్ ఒకటుంది, చాలా తక్కువమంది చేస్తారు. అదే రెండు జెల్స్‌ను 6 ఎంవీ కిరణంలోనూ పెట్టండి. ఇంత తక్కువ గాఢతకు అక్కడ భౌతిక పెంపు దాదాపు సున్నా. కాబట్టి అక్కడ కనబడే తేడా అంతా జెల్ రసాయనం మారడం వల్ల వచ్చిందే. కేవీలో వచ్చిన నిష్పత్తిని ఎంవీలో వచ్చిన నిష్పత్తితో భాగిస్తే మిగిలేది డోసు పెంపుకు దగ్గరగా ఉంటుంది. ఉదాహరణకు కేవీలో 1.25, ఎంవీలో 1.18 వస్తే నిజమైన పెంపు 1.06 దగ్గర ఉంటుంది. 1.25 అని శీర్షికలో పెట్టడం తప్పు.

నానోకణాలనే డోసిమీటర్‌గా వాడొచ్చా?

వాడొచ్చు, ఇది ఆసక్తికరమైన దారి. కణాలను ముందే చేసి కలపకుండా, రంగులేని బంగారు లవణాన్ని సర్ఫాక్టెంట్, ఆస్కార్బిక్ ఆమ్లంతో కలిపి ఉంచుతారు. రేడియేషన్ తగిలినప్పుడు పుట్టే రాడికల్స్ లవణాన్ని లోహంగా మార్చి, అక్కడికక్కడే నానోకణాలు పుడతాయి. డోసు పెరిగేకొద్దీ ఎరుపు, ఊదా రంగు చిక్కబడుతుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ బృందం 2015లో చూపించిన పద్ధతి ఒక సిట్టింగులో ఇచ్చే డోసుల స్థాయిలోనే, అంటే 2 గ్రే లోపే, కంటికి కనబడే రంగునిచ్చింది. సర్ఫాక్టెంట్ లేకపోతే రంగు సమానంగా రాదు, కాలం గడిచేకొద్దీ చిక్కబడుతూనే ఉంటుంది. చదివే సమయాన్ని నిమిషాల్లో స్థిరపరచుకోండి.

కణితిలోకి అంత బంగారం ఎలా చేరుతుంది?

రక్తంలోకి ఎక్కిస్తే చేరదు. 2004లో హైన్‌ఫెల్డ్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ రంగానికి ఊపిరి పోసింది. 1.9 నానోమీటర్ల బంగారంతో పాటు 250 కేవీపీ ఎక్స్‌రేలు ఇస్తే ఏడాది తర్వాత 86 శాతం ఎలుకలు బతికున్నాయి, ఎక్స్‌రేలు మాత్రమే ఇచ్చినవాటిలో 20 శాతం. కానీ వాళ్లు ఎక్కించింది కిలో శరీర బరువుకు 2.7 గ్రాములు. 60 కిలోల మనిషికి అది 162 గ్రాములు, అంటే పదహారు తులాలు.

ఇంకోవైపు నుంచి లెక్కేద్దాం. రక్తంలోకి ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరేది 0.7 శాతం అని 2016లో పదేళ్ల ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. 50 గ్రాముల కణితిలో గ్రాముకు 7 మిల్లీగ్రాములు కావాలంటే 350 మిల్లీగ్రాములు చేరాలి, దానికి 50 గ్రాములు ఎక్కించాలి. ఐదు తులాల బంగారంలో చాలావరకు కాలేయం, ప్లీహం పాలవుతుంది, పనికొచ్చేది అర గ్రాములోపే. కణం 5.5 నానోమీటర్లకంటే చిన్నదైతే మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, అప్పుడు కణితిలో నిలిచేదీ తగ్గుతుంది. అందుకే మనుషుల దాకా వచ్చిన ముఖ్యమైన మందుల్లో ఒకటి నేరుగా కణితిలోకే సూదితో ఇచ్చేది.

మనుషుల్లో ఫలితాలు ఏం చెబుతున్నాయి?

సూదితో ఇచ్చే హాఫ్నియం ఆక్సైడ్ కణాలు, ఎన్‌బీటీఎక్స్‌ఆర్3, ఫ్రాన్స్‌కు చెందిన నానోబయోటిక్స్ తయారీ. కణం సుమారు 50 నానోమీటర్లు. లీటరుకు 53.3 గ్రాముల ద్రావణాన్ని కణితి ఘనపరిమాణంలో 10 శాతం మేరకు ఇచ్చారు. 50 మిల్లీలీటర్ల కణితికి 5 మిల్లీలీటర్లు, అంటే సుమారు 267 మిల్లీగ్రాముల పదార్థం. చేయి, కాలు, మొండెం గోడలోని మృదుకణజాల సార్కోమా (ఒక రకం క్యాన్సర్) మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2019లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చాయి. రెండు వర్గాలకూ 25 సిట్టింగుల్లో 50 గ్రే, ఆ తర్వాత ఆపరేషన్. తీసిన గడ్డలో బతికున్న క్యాన్సర్ దాదాపు మిగలనివాళ్లు నానోకణాల వర్గంలో 87 మందిలో 14 మంది, రేడియేషన్ మాత్రమే ఇచ్చిన వర్గంలో 89 మందిలో 7 మంది. అదే ఏడాది యూరప్‌లో దీనికి సీఈ గుర్తింపు వచ్చింది.

రెండోది గాడొలినియం ఆధారిత అగ్విక్స్. ఇది 5 నానోమీటర్ల లోపే ఉంటుంది, నరానికి ఎక్కిస్తారు, మూత్రంలో పోతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మెదడుకు పాకిన క్యాన్సర్ ఉన్న 15 మందికి కిలోకు 15 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి, మొత్తం మెదడుకు 10 సిట్టింగుల్లో 30 గ్రే ఇచ్చారు. మందు మోతాదు పెంచకుండా ఆపవలసినంత దుష్ప్రభావం కనబడలేదు. ఎంఆర్‌ఐలో కణితిలో ఎంత చేరిందో కొలవగలగడం దీని అసలు బలం.

సీటీ ప్లానింగ్‌లో ఇబ్బంది వస్తుందా?

వస్తుంది. సీటీ స్కానర్ కూడా కేవీ యంత్రమే కాబట్టి హాఫ్నియం, బంగారం ఉన్న చోట హెచ్‌యూ విలువ (సీటీలో సాంద్రతను సూచించే అంకె) బాగా పెరుగుతుంది. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి అక్కడ ఎముకలాంటి సాంద్రత ఉందనుకుంటుంది. నిజానికి ఎలక్ట్రాన్ సాంద్రత పెద్దగా మారలేదు. ఆ ప్రాంతాన్ని గీసి, మృదుకణజాల సాంద్రత ఇచ్చి, రెండు ప్లాన్లనూ పోల్చి చూడండి.

స్వర్ణభస్మం తింటే ఇదే ప్రయోజనం ఉంటుందా?

ఉండదు. రేడియేషన్ పెంచాలంటే కణితి గ్రాముకు మిల్లీగ్రాముల లెక్కన బంగారం చేరాలి. నోటితో తీసుకున్నది అలా కణితికి చేరదు. ఇప్పటికే తీసుకుంటుంటే డాక్టరు దగ్గర దాచకండి, మందుల చీటీతో పాటు చూపించండి. మెడలో, చేతికి ఉన్న నగలు కూడా డోసును పెంచవు. అయితే కరెంటు పెట్టే ప్రాంతంలో లోహం ఉంటే చర్మం మండుతుంది కాబట్టి తీసేయమంటారు.

మా నాన్నగారికి ఈ చికిత్స ఇప్పిస్తామంటున్నారు. ఏం అడగాలి?

ముందు, ఇది ట్రయలా అని అడగండి. మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్‌నైనా రోగులను చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా) నమోదు చేయాలి. ఆ నమోదు సంఖ్య అడిగి, వెబ్‌సైట్‌లో చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో అంగీకార పత్రం మీ చేతికి ఇవ్వాలి. సంతకం చేయకముందు ఇంటికి తీసుకెళ్లి చదువుకునే హక్కు మీకుంది. నానోకణాలు లేకుండా మామూలుగా ఇచ్చే చికిత్స ఏమిటో, దాన్ని ఆలస్యం చేయవలసి వస్తుందో లేదో అడగండి. సూది ఇచ్చిన చోట నొప్పి, అలర్జీ సార్కోమా ట్రయల్‌లో కనబడ్డాయి. గతంలో కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కు దద్దుర్లు వచ్చి ఉంటే చెప్పండి. గాడొలినియం కణాలైతే తాజా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లండి.